ఒక్కసారి గుర్రమయ్యే రాజు

నా చిన్నప్పుడు మా ఇంటి చదరంగంలో రాజు ఒక ఖాళీ దారపు రీలు. అవతలి పక్క రాజు కూడా దారపు రీలే, కాకపోతే గుర్తు కోసం దాని నడుముకు ఎర్రదారం నాలుగు చుట్లు వదిలిపెట్టేవాడు మా తాతయ్య. బంట్లన్నీ చొక్కా గుండీలు. మంత్రులూ, గుర్రాలూ, ఏనుగులూ, శకట్లూ మాత్రం నిజమైన కొయ్య పావులు, ఎప్పుడో ఎవరో ఇచ్చిన పాత పెట్టెలోవి. రాజులిద్దరూ ఆ పెట్టెలోంచి ఎలా తప్పిపోయారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ మాత్రం ఆ నేరం నా మీదే వేసేది. ఈ పిల్ల పుట్టకముందే పోయాయమ్మా అని తాతయ్య ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఇంట్లో ఏది కనబడకపోయినా ముందు నా పేరు తలుచుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

అందులో ఆమె తప్పు కూడా ఏమీ లేదు. నేను కాలు ఒకచోట నిలవని పిల్లని. అన్నం తింటూ తింటూ లేచి గుమ్మం దాకా పోయి సందులో ఎవరు పోతున్నారో చూసి వచ్చేదాన్ని. బడిలో కూర్చుంటే బెంచీ కింద కాళ్లు ఊగుతూనే ఉండేవి, పక్కపిల్ల గౌను అంచు నలిగిపోయేది. జడకు కట్టిన రిబ్బను కొస నోట్లో పెట్టుకుని నమిలి నమిలి దారాలు చేసేదాన్ని. ఎందుకలా అంటే నాకూ తెలియదు. లోపల ఏదో తరుముతున్నట్టు ఉండేది. ఇప్పుడు అరవై ఏడేళ్లు వచ్చాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, అయినా ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని అప్పుడే రెండుసార్లు బాల్కనీలోకి పోయి వచ్చాను.

చింతాద్రిపేటలో, కూవం నది వైపుకు పోయే ఒక సందులో మా ఇల్లు. మా ముందుతరాల వాళ్లు మగ్గాల పని మీద వచ్చి అక్కడ నిలిచిపోయారంటారు గానీ, నాకు ఊహ తెలిసేనాటికి ఇంట్లో మగ్గం కాదు కదా, దాని పుల్ల కూడా లేదు. గుడ్డతో సంబంధం మాత్రం తెగిపోలేదు. మా తాతయ్య మౌంట్ రోడ్డు పక్కన ఒక టైలరు కొట్లో కటింగ్ మాస్టరుగా నలభై ఏళ్లు పనిచేశాడు. కొలతలు తీసుకోవడం, గుడ్డ మీద అరిగిన సబ్బు ముక్కతో గీతలు గీయడం, కత్తిరించి కుట్టేవాళ్లకు అందించడం ఆయన పని. కళ్లు కొంచెం మసకబారాక కొట్టు మానేసి ఇంటిపట్టున ఉన్నాడు.

ఆయన కత్తిరించే పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే నిలబడి ఉంది. గీతలు గీసేశాక వెంటనే కత్తెర పట్టేవాడు కాదు. అరచెయ్యి వెడల్పుగా చాపి గుడ్డ మీద ఆనించి, ఒక్క క్షణం అలాగే ఉంచేవాడు. చూసేవాళ్లకు గుడ్డను నిద్రపుచ్చుతున్నట్టు ఉండేది. ఆ తరవాతే కత్తెర. కొట్లో అంతమంది తొందరపెడుతున్నా, పెళ్లి బట్టలకు మనిషి వచ్చి నెత్తిన కూర్చున్నా, ఆ చెయ్యి ఆనించడం మాత్రం మానలేదని ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పేవారు. కత్తెర పడితే మళ్లీ అతుక్కునేది కాదు గదా అనేవాడు. చదరంగంలోనూ అంతే. పావు కదిపే ముందు పటం అంచున అరచెయ్యి ఆనించి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు కదిపేవాడు.

పటం అంటే అట్ట కాదు. మిగిలిపోయిన కాకీ గుడ్డ మీద ఆయనే గీతలు కుట్టి చేసిన పటం. అరవై నాలుగు గడులూ ఒకే రంగు. నలుపూ తెలుపూ తేడా లేదు. నాకు పదేళ్లప్పుడు ఒకరోజు మా అమ్మ వంటింట్లోంచి గట్టిగా అరిచింది. “మామా, నీకు దణ్ణం పెడతా, ఈ పిల్లను కాసేపు నీ కాడ కట్టెయ్. కాళ్లకు అడ్డం పడతా ఉంది.” కట్టెయ్యడానికి తాతయ్య దగ్గర ఆ పటమే ఉంది. అలా మొదలైంది నా ఆట.

మా ఇంటి ఆటలో కొన్ని పద్ధతులు వేరు. బంటు మొదటినుంచీ ఒక్కొక్క గడే నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది రాజు దూకుడు. ఆట మొత్తం మీద ఒకే ఒక్కసారి రాజు గుర్రంలాగా దూకవచ్చు. ఒక్కసారి దూకాడంటే ఇక జన్మకు లేదు, గడి గడిగా నడవాల్సిందే. ఇది తాతయ్య కనిపెట్టింది కాదు, ఆయనకు వాళ్ల పెద్దలు అలాగే నేర్పారు. నాకు ఆ దూకుడు మీద ఎంత ప్రేమో చెప్పలేను. రాజంతటివాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఉండబట్టలేక ఎగిరి దూకుతాడంటే నాలాంటివాడు ఒకడు దొరికినట్టుండేది.

ఆ ధైర్యంతోనే నేనొక ఆరంభం తయారు చేసుకున్నాను. మొదటి ఎత్తుల్లోనే రాజు పక్కనున్న గుండీని ముందుకు తోసేసి, రాజు ముందర ఖాళీ చేసి, ఆ సందులోంచి నా పావులన్నిటినీ మీదికి ఉరికించేదాన్ని. అవతలివాడు ఊపిరి తీసుకునే లోపల వాడి ఇంట్లో ఉండాలి. తాతయ్య దానికి తలుపు తీసిన ఆట అని పేరు పెట్టాడు. “అట్టా బార్లా తెరిస్తే కుక్కలు దూరవా మే?” అని నవ్వేవాడు. దూరితే రాజు దూకేస్తాడు గదా అనేదాన్ని. మూడొంతుల ఆటల్లో పదో ఎత్తుకే నా రాజు దూకేసి ఉండేవాడు. తాతయ్య రాజు మాత్రం దూకడం నేను చూసిన ఆటల్లో ఎప్పుడూ లేదు. ఆ హక్కు అలా వాడకుండానే ఉండిపోయేది.

పదకొండేళ్లు వచ్చాక మా బడి టీచరమ్మ ఒకామె నన్ను ఆదివారాలు చదరంగం క్లబ్బుకు పంపించింది. క్లబ్బంటే పెద్ద ఊహించుకోకండి. ఎగ్మూరు వైపు ఒక రీడింగ్ రూము మీద మేడగది, నాలుగు బల్లలు, తిరుగుతూ చప్పుడు చేసే ఒక ఫ్యాను. నేర్పించే సారు రిటైరయిన తమిళాయన, లెక్కల మేష్టారు. మంచి మనిషే. అక్కడ పటం మీద నలుపూ తెలుపూ గడులున్నాయి. బంటు మొదట రెండు గడులు పోవచ్చు. రాజు దూకడు. నేను మా ఇంటి పద్ధతి చెప్పబోతే సారు నవ్వి, అది పాతకాలపు ఆట, పోటీల్లో చెల్లదు అన్నాడు. చెల్లదు అన్నాడంతే. నా చెవికి మాత్రం తప్పు అని వినబడింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా తాతయ్యతో అదే అన్నాను. “నీ ఆట తప్పంట తాతయ్యా.” ఆయన కోపం తెచ్చుకోలేదు. “తప్పు కాదుమే. ఈడ ఈ ఆట, ఆడ ఆ ఆట” అన్నాడు. నాకు అది మింగుడు పడలేదు. ఏదో ఒకటే ఒప్పు కావాలి గదా. ఆ తరవాత ఆయనతో కూర్చుని ఆడుతున్నా, గుండీలనూ రీళ్లనూ చూస్తే ఏదో చిన్నతనంగా ఉండేది. క్లబ్బులో పిల్లలు మీ ఇంట్లో ఎలాంటి సెట్టు ఉందని అడిగితే మాట మార్చేదాన్ని.

క్లబ్బులో నాకు పట్టరాని సంతోషం కలిగించింది ఒకటే. ఒక ఆదివారం సారు ఒక పదునైన ఆరంభం చూపించాడు. రాజు ముందున్న బంటు రెండు గడులు, అవతలివాళ్లూ అలాగే. వెంటనే రాజు పక్క బంటును కూడా రెండు గడులు తోసి, తీసుకో అని ఊరికే ఇచ్చేయడం. గాంబిట్ అన్నాడు దాన్ని. రాజు ముఖం మీద గాలి కొడుతుంది, అయినా దాడి మనది. నేను బెంచీ మీద కూర్చోలేక లేచి నిలబడ్డాను. అది నా తలుపు తీసిన ఆటే! ఇంగ్లీషు పుస్తకంలో కూడా ఉందన్నమాట. ఆ రోజునుంచీ తెల్లపావులు వస్తే నాకు వేరే ఆరంభం లేదు. గబగబా ఆడి, గబగబా గెలిచి, గబగబా ఓడి, పక్క బల్ల దగ్గరికి పోయి నిలబడేదాన్ని.

ఎండాకాలం సెలవుల ముందు, కోయంబత్తూరులో పిల్లల పోటీలకు మా క్లబ్బునుంచి నలుగురిని పంపుతామన్నారు. ముగ్గురు ఖాయమైపోయారు. నాలుగో చోటుకు నేనూ, పురసవాక్కం నుంచి వచ్చే ఇంకో అమ్మాయీ మిగిలాం. మా ఇద్దరిలో ఎవరు గెలిస్తే వాళ్లు. నాకు పోటీ సంగతి కంటే రైలు సంగతి ముఖ్యం. రాత్రంతా పోయే రైలు నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఎలక్ట్రిక్ రైల్లో తాంబరం దాకా పోయి రావడమే నా ప్రయాణాలన్నిటిలోకీ పెద్దది. కూర్చున్నచోటే కూర్చుని కూడా ముందుకు పోతూ ఉండగలగడం ఈ లోకంలో రైల్లో ఒక్కదానిలోనే సాధ్యమని నా నమ్మకం. ఆ వారమంతా నేను ఇంట్లో పెట్టె సర్దడం, విప్పడం, మళ్లీ సర్దడం. మా అమ్మ తల కొట్టుకుంది.

ఆ ఆదివారం పొద్దున ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ అమ్మాయికి రెండు జడలు, పక్కన నీళ్ల సీసా, మొహంలో ఏమీ కనబడదు. నాకు తెల్లపావులు వచ్చాయి. ఇంకేం కావాలి. బంటు రెండు గడులు, తనూ రెండు గడులు. రాజు పక్క బంటును తోసి ఇచ్చేశాను. తీసుకుంది. నా శకటు బయటికొచ్చింది. తను మంత్రిని పటం అంచుకు తెచ్చి నా రాజుకు చెక్కు చెప్పింది. నేను రాజును ఒక గడి పక్కకు జరిపాను. అదంతా పుస్తకంలో ఉన్నదే. ఆ తరవాత నా గుర్రం దూకి ఆ మంత్రిని తరమడం మొదలుపెట్టింది. మంత్రి ఎక్కడికి పోయినా నా పావు ఒకటి ఎదురొస్తోంది. చుట్టూ పిల్లలు చేరారు. సారు కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను గెలుస్తున్నానని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు, తను నీళ్లు తాగింది.

అప్పుడు తన గుర్రం ఒకటి నా రాజు వైపుకు వచ్చింది. పెద్ద ప్రమాదం కాదు. ఒక్క ఎత్తు ఆగి చూసుకుంటే చాలు. కానీ నాకు ఆగడం చేతకాదు గదా. రాజు ఆ పక్కనున్న బంట్ల వెనక్కు పోతే చాలు, పని అయిపోతుంది అనుకున్నాను. అనుకోవడం, చెయ్యి పోవడం, రాజును ఎత్తి రెండు గడులు అటు, ఒక గడి ఇటు పెట్టేయడం అంతా ఒకేసారి జరిగిపోయింది. గుర్రంలాగా. మా ఇంట్లోలాగా.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత ఎవరో కిసుక్కుమన్నారు. ఇక గదంతా నవ్వే. క్లబ్బులో ఇంకో నిబంధన ఉంది, ముట్టుకున్న పావునే కదపాలి. రాజును ముట్టుకున్నాను కాబట్టి రాజునే కదపాలి. దానికి పోదగ్గ గడి ఒక్కటే ఉంది, పోకూడని గడీ అదే. మూడు ఎత్తుల్లో ఆటకట్టయింది. ఆ అమ్మాయి నవ్వలేదు పాపం, చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి సరిగ్గా పట్టుకోను కూడా లేదు.

సారు నా భుజం తట్టి, నవ్వుతూనే, తమిళంలో అడిగాడు. “యారమ్మా ఇదై కత్తుక్కుడుత్తదు?” ఎవరమ్మా నీకిది నేర్పింది అని. ఎగతాళి కాదు, నన్ను నవ్వించాలనే అడిగాడు. నేను తలెత్తాను. మెట్లపైన గుమ్మంలో మా తాతయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో గొడుగు, చంకలో గుడ్డసంచి. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి ప్రతి ఆదివారమూ అలాగే వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు, లోపలికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. ఆయన కళ్లు నామీదే ఉన్నాయి. మొహంలో కొంచెం నవ్వు, నా మనవరాలు ఇప్పుడు చెబుతుంది అన్నట్టు.

“తెరులె యారో, సార్” అన్నాను. వీధిలో ఎవరో, సార్.

మా తాతయ్యకు తమిళం నాకంటే బాగా వచ్చు. నలభై ఏళ్లు ఆ భాషలోనే చొక్కాలు కొలిచాడు.

మళ్లీ చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. నేను కిందికి దిగేటప్పటికి ఆయన రోడ్డు అవతల పెట్టెకొట్టు నీడలో నిలబడి, నన్ను చూసి, అప్పుడే వచ్చినవాడిలా రెండడుగులు గబగబా వేశాడు. “ఇప్పుడే వస్తా ఉండా మే. అయిపోయిందా?” అన్నాడు. అయిపోయింది, ఓడిపోయాను అన్నాను. “పరవాలేదులే” అన్నాడు. గొడుగు నా మీదికి జరిపాడు. నేను ఆయనను గుమ్మంలో చూశానని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. అయినా ఇద్దరం ఆ అబద్ధాన్ని మధ్యలో పెట్టుకుని, కూవం కంపు కొడుతుంటే ముక్కులు మూసుకుని వంతెన దాటి ఇంటికి వచ్చాం. మామూలుగా దారి పొడుగునా ఏ ఎత్తు తరవాత ఏ ఎత్తు అని అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. నేనే ఏదేదో వాగుతూ వచ్చాను, ఫ్యాను గురించి, నీళ్ల సీసా గురించి, ఎండ గురించి.

ఆ వారం ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి. రైలు పోయిందన్న ఏడుపు ఒక్కరోజులో ఆగిపోయింది. ఇదే ఆగలేదు. తాతయ్య నాతో మామూలుగానే ఉన్నాడు, అదే భరించలేకపోయాను. తిడితే బాగుండును. మా అమ్మతో చెప్పి కొట్టించినా బాగుండును. ట్రంకుపెట్టె మీద మడతపెట్టిన పటం అలాగే ఉంది. దాని దగ్గరికి పోతాను, ముట్టుకుంటాను, తిరిగి వస్తాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని అమ్మ అంది. ఆయన ఇక నాతో కూర్చోడేమో, ఆ దారపు రీళ్లు ఇక అంతేనేమో అని ఒకటే భయం. పోయి తప్పయిపోయింది తాతయ్యా అంటే సరిపోయేది. కానీ అలా అంటే ఆయన విన్నాడని ఒప్పుకున్నట్టవుతుంది, ఆయన అంత కష్టపడి నడిరోడ్డు మీద ఆడిన నాటకం పాడవుతుంది. పదకొండేళ్ల బుర్రకు అంతకంటే తోచలేదు.

గురువారం సాయంత్రం నేను తిన్నె మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే ఆయనే పటం తెచ్చి పరిచాడు. సబ్బు ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. “మే, ఆ క్లబ్బు ఆట నాకు నేర్పియ్యి. నేనూ తెలుసుకుంటా” అన్నాడు. ఒక గడి వదిలి ఒక గడి సబ్బుతో రుద్ది తెల్లగా చేశాం. కాకీ పటం క్లబ్బు పటమైపోయింది. బంటు రెండు గడులని చెప్పాను. రాజు దూకడని చెప్పాను. “సరే, దూకడు” అన్నాడాయన, బడిపిల్లవాడిలా తలూపి.

మూడు సాయంత్రాలు నేర్చుకున్నాడు. నేను ఆయనకు గాంబిట్ కూడా నేర్పాను. ఆయన ప్రతి ఎత్తుకూ అరచెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని, కదుపుతుంటే నాకు ఓపిక చచ్చేది. తొందరగా తాతయ్యా అని తొడ మీద కొట్టేదాన్ని. అయితే ఒకటి. ఆ మూడు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా ఆయన పొరబడలేదు. అరవై ఏళ్లు ఆడిన ఆటను పక్కన పెట్టి, కొత్త పద్ధతిలో ఒక్క తప్పు లేకుండా ఆడాడు. రాజు వైపు చెయ్యి పోయినప్పుడల్లా, ఆ అరచెయ్యి ముందు ఆనేది, అప్పుడు రాజు ఒక్క గడే నడిచేవాడు.

ఆదివారం నన్ను క్లబ్బుకు తీసుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. సారుకు నమస్కారం పెట్టి, ఒక ఆట ఆడతారా అని తమిళంలో అడిగాడు. సారుకు సరదా వేసింది, ఉట్కారుంగ అయ్యా అని తన ఎదురుగానే కుర్చీ లాగాడు. తాతయ్యకు తెల్లపావులిచ్చాడు, పెద్దవాడని.

మా తాతయ్య తలుపు తీశాడు. రాజు ముందు బంటు, ఆ తరవాత పక్క బంటు, తీసుకో అని ఇచ్చేశాడు. సారు కనుబొమ్మలు పైకి పోయాయి. పిల్లలంతా చేరారు, కోయంబత్తూరు పోబోయే నలుగురూ కూడా. నేను సారు కుర్చీ వెనక ఒంటికాలి మీద నిలబడి, రిబ్బను నములుతూ చూస్తున్నాను. తాతయ్య ప్రతి ఎత్తుకూ చెక్కపటం అంచున అరచెయ్యి ఆనిస్తున్నాడు. పదిహేనో ఎత్తుకు సారు నవ్వడం మానేశాడు. ఇరవయ్యో ఎత్తుకు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ పావుల అమరిక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పెద్దయ్యాక ఎన్నోసార్లు పేర్చి చూసుకున్నాను. గెలవాల్సింది మా తాతయ్యే. రాజును ముట్టుకోకుండా ఏనుగును ఒక్క గడి జరిపి ఉంటే సారుకు దారి లేదు.

ఆయన చెయ్యి రాజు మీదికి పోయింది. రాజును ఎత్తింది. రెండు గడులు అటు, ఒక గడి ఇటు దూకించింది.

అరచెయ్యి ఆనలేదు. అంచు మీద చెయ్యి పెట్టకుండా మా తాతయ్య పావు కదపడం నా జన్మలో అదే చూడడం.

గది గొల్లుమంది. పోయిన వారం కంటే ఎక్కువ నవ్వారు, ముసలాయన గదా. సారు కూడా నవ్వాడు, గెలవబోయే ఆట చేజారిన మనిషి మీద జాలి కూడా కలిపి. ఎవరయ్యా మీకిది నేర్పింది అని అడిగాడు.

తాతయ్య కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. “నా మనవరాలే సార్. ఇదిగో, ఈ అమ్మాయే నాకు ఆట నేర్పించింది. బాగా నేర్పించింది, నేర్చుకున్నోడిదే తప్పు” అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడంటే, గెలిచినవాడు కూడా అలా అనడు. అందరూ నావైపు తిరిగారు. సారుకు పోయిన వారం నేను దూకించిన రాజు గుర్తొచ్చినట్టుంది. “ఓహో! మరి ఈ టీచరమ్మకు ఎవరు నేర్పారో?” అన్నాడు.

అదే ప్రశ్న. అదే గది, అదే ఫ్యాను, అదే పిల్లలు. తాతయ్య నావైపు చూడలేదు. ఇప్పుడు, ఆట పోయాక, పటం అంచున అరచెయ్యి వెడల్పుగా చాపి ఆనించి, కళ్లు ఆ రాజు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఎత్తి ఉన్న కాలు కింద పెట్టాను.

“మా తాతయ్య” అన్నాను. తెలుగులో అన్నానని తరవాత తెలిసింది. ఏడుపు తన్నుకొస్తుంటే తమిళంలో మళ్లీ చెప్పాను. “ఎంగ తాత్తా, సార్. పోయిన వారం అడిగారు గదా, అప్పుడూ ఈయనే.”

ఎవరూ నవ్వలేదు. సారు కళ్లద్దాలు పెట్టుకుని, తాతయ్యను మీ ఇంటి పద్ధతి ఎలాగో చెప్పండి అని అడిగాడు. తాతయ్య చెబుతుంటే, తన నాయనమ్మ కూడా రాజును అలాగే దూకించేదని, చిన్నప్పుడు తనూ అలాగే నేర్చుకున్నానని సారు ఒప్పుకున్నాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. కోయంబత్తూరుకు ఆ అమ్మాయే పోయింది. రాత్రి రైలు నేను ఎక్కడానికి ఇంకా ఆరేళ్లు పట్టింది.

ఇంటికి పోతూ వంతెన మీద అడిగాను. కావాలనే దూకించావు గదా తాతయ్యా అని. “చెయ్యి జారింది మే” అన్నాడు. నలభై ఏళ్లు ఒక్క గుడ్డ ముక్క పాడు చెయ్యని చెయ్యి అది. ఆ తరవాత మామూలుగా, పదో ఎత్తు కాడ నువ్వైతే ఏం ఆడేదానివి అని మొదలుపెట్టాడు. నేను ఆయన వేలు పట్టుకుని, పరుగెత్తకుండా, ఆయన నడిచినంత మెల్లగా నడిచాను. దూకే హక్కును అన్నేళ్లు వాడకుండా దాచుకున్న మనిషి, చెల్లని చోట, గెలిచే ఆటలో, నా కోసం వాడాడు.

తరవాత నేను ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలు అబద్ధాలాడతారు. ఇంక్ ఎవరు ఒలికించారంటే తెలియదంటారు, మీ నాన్న ఏం చేస్తాడంటే లేని ఉద్యోగం చెబుతారు. నేను అక్కడికక్కడ పట్టుకోలేదు. వారం ఆగి, ఏదో ఒక వంక పెట్టుకుని, అదే ప్రశ్న వాళ్ల దగ్గరికి ఇంకోసారి నడిచి వచ్చేటట్టు చేసేదాన్ని. కొన్నిసార్లు నేనే ఏదో తప్పు చేసి, తరగతి ముందు నవ్వులపాలు కావాల్సి వచ్చేది. అందరూ రెండోసారి నిజం చెప్పారని కాదు. కొందరికి మూడోసారి కూడా కావాల్సి వచ్చింది.

ఆ కాకీ పటం నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఉతికినా కొన్ని గడుల్లో సబ్బు మరక అలాగే తెల్లగా ఉండిపోయింది. ఎత్తు వంతెన మీద పోయే రైల్లోంచి చూస్తే చింతాద్రిపేట ఇప్పుడు వేరే ఊరులా కనిపిస్తుంది, మా సందు కనుక్కోవడానికి నాకే కాసేపు పడుతుంది. నా కాళ్లు మాత్రం ఇంకా ఒకచోట నిలవవు. కింది ఫ్లోరు పిల్లలు ఆడుకోవడానికి వస్తారు, వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తమిళంలో అవ్వా అని పిలుస్తూ అడుగుతారు, పాటీ, మీకు చెస్ ఎవరు నేర్పారు అని. బల్ల మీద అరచెయ్యి ఆనించి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు చెబుతాను. ఒకసారి తొందరపడి తప్పు చెప్పినదాన్ని.